మిండోరో కొండలలో తమరావు

ఫిలిప్పీను దేశమున మనీలా నగరమునకు దక్షిణముగా మిండోరో యను ద్వీపము గలదు. లోకమున మఱెచ్చటను గానరాని చిన్న యడవిదున్న యొకటి యచ్చట నున్నది. దానిని తమరావు అందురు. దానిని జూడగోరియే మేమా ద్వీపమునకు బోయితిమి.

ఇగ్లిత్-బాకో కొండలపై ప్రొద్దు వ్రాలువేళ, కావలివాండ్రు చూపిన దిక్కున గడ్డిలో నొక నల్లని మచ్చ కదలెను. మూపుకడ ఎత్తు సుమారు 1 మీటరు మాత్రమే. కొమ్ములు మన గేదెలకువలె వంకలు తిరుగక సూటిగా వెనుకకు సాగియుండెను. మా యలికిడి విన్నంతనే అది పొదలలో జొచ్చెను.

1900 ప్రాంతమున నివి 10,000 వఱకు నుండెనని యంచనా. అడవులు నఱికి బీళ్లు చేసిరి, తుపాకులతో వేటాడిరి, 1930 తరువాత పెంపుడు పశువులనుండి రిండరుపెస్టు అను మహామారి సోకెను. 1969 నాటికి నూఱైనను మిగులలేదు. ఇప్పుడు కొన్ని వందలు గలవు.

వీనిని బెంచుటకై 1980 ప్రాంతమున దొడ్డి యొకటి గట్టిరి. పట్టి తెచ్చినవానిలో బెక్కులు చచ్చెను. 1999లో అచ్చట బుట్టిన కాలిబాసిబ్ అను దూడ యొక్కటియే పెరిగి పెద్దదయ్యెను. అదియు 2020 అక్టోబరులో సంతు లేకయే మరణించెను.

సోదరీమణులారా! మన గేదె మన కుడితి త్రాగి, మన దొడ్డిలోనే యీని, మన బిడ్డలకు బాలిచ్చును. తమరావునకు గొండయే దొడ్డి. ఆ కొండవాసులగు మంగ్యానులు తమ వేటనేలలో గొంత దానికై విడిచిరి. పేదలు చేసిన యా త్యాగమే దానికి నేడు నీడ.