"సేవ్ అయింది" అని నేను రాసిన అబద్ధం



పోస్ట్ కొంచెం పెద్దగ ఉంటది. డిగ్రీల కంప్యూటర్స్ తీసుకున్నోళ్లు, పీహెచ్‌పీల మినీ ప్రాజెక్ట్ చేస్తున్నోళ్లు చివరిదాక చదవండి. మిగిలినోళ్లు కనీసం మొదలు, చివర చదవండి. ఎందుకంటే ఇది మన మాటల గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి.

పోయిన ఎండాకాలం సెలవులకు ముందు హాస్టల్‌ల తొమ్మిది మందిమి కూర్చొని ఒక పని అనుకున్నం. ఎవరి ఊరికి వాళ్లు పోయినప్పుడు ముసలోళ్లను అడిగి గోండి మాటలు రాసుకొని రావాలె. ఏర్ అంటే నీళ్లు, నార్ అంటే ఊరు, ఇట్లాంటివి అందరికీ తెలుసు. తెలియనివి కావాలె. నాగలి భాగాలు, గింజల పేర్లు, అడవిల దొరికే దుంపలు. మాలో చానమందికి ఇవి రావు. చిన్నప్పటి నుంచి హాస్టల్‌లనే పెరిగినం, ఇంటికి పోయేది పండుగలకే.

కాగితాలు పోతయి కాబట్టి నేను ఒక వెబ్ పేజీ చేస్త అన్న. మాట, తెలుగు అర్థం, ఎవరు చెప్పిండ్రు, ఏ ఊరు, రికార్డింగ్. ఐదు బాక్సులు, ఒక బటన్. ల్యాబ్ కంప్యూటర్‌ల ఎక్సాంప్ వేసి రాసిన, మంచిగ నడిచింది. తర్వాత ఒక ఫ్రీ హోస్టింగ్‌ల ఎక్కించిన. అక్కడ ఫోన్ నుంచి "టెస్ట్ 1", "టెస్ట్ 2" అని ఇంగ్లిష్‌ల కొట్టి చూసిన. బటన్ నొక్కితే "సేవ్ అయింది, థాంక్స్" అని వచ్చింది. చాలు అనుకున్న. మాటలన్నీ చూపించే లిస్ట్ పేజీ సెలవుల తర్వాత చేద్దాం అనుకున్న.

సెలవులల్ల 214 మాటలు వచ్చినయి. ఒక తమ్ముడు, ఇంటర్ ఫస్ట్ ఇయర్, వాళ్ల తాత దగ్గర 11 నిమిషాలు రికార్డ్ చేసి 14 మాటలు ఎక్కించిండు. అన్నీ వ్యవసాయం మాటలు. సెలవుల చివరి వారంల ఆ తాత పోయిండు. తమ్ముడు హాస్టల్‌కి వచ్చి నాతోటి అన్నడు, "తాత పోయిండు అన్నా, కని గొంతు మన దగ్గర ఉంది కద." ఫోన్‌ల జాగ లేక రికార్డింగ్ తీసేసిండట. పేజీల సేవ్ అయింది కద అని.

ఆ రోజు రాత్రి లిస్ట్ పేజీ రాసి తెరిచిన. మాట అనే కాలమ్‌ల మొత్తం ప్రశ్నార్థకాలే. అర్థం అనే కాలమ్‌ల కూడ అవే. ఊరి పేరు ఇంగ్లిష్‌ల కొట్టినోళ్లవి మాత్రమే కనబడుతున్నయి. రికార్డింగ్‌ల ఫోల్డర్‌ల తాత ఫైల్ లేదు.

ఇంట్ల అడుగుదామంటే కంప్యూటర్ ముట్టినోళ్లు ఎవరూ లేరు. నేనే మొదటోన్ని. ల్యాబ్ సార్‌ని అడగనీకి భయం, ఏం చదివినవ్ అంటడని. మూడు రోజులు నేనే కొట్లాడిన, తర్వాత ఒక సీనియర్ అన్న దగ్గర కూర్చున్న. అప్పుడు తెలిసినవి కింద రాస్తున్న. మీకు ఈ గతి పట్టకూడదని.

మొదటిది, ప్రశ్నార్థకాలు కనబడంగనే అంతా పోయిందని అనుకోవద్దు. రెండు తీర్లు ఉంటయి. డేటాబేస్‌ల మాట మంచిగనే ఉండి, బయటికి చదివే కనెక్షన్ తప్పు ఉంటే కూడ ప్రశ్నార్థకాలే వస్తయి. అట్ల అయితే ఏం పోలే. తెలుసుకోనీకి మైఎస్‌క్యూఎల్‌ల హెక్స్ అనే ఫంక్షన్ పెట్టి ఆ కాలమ్‌ను చూడాలె. తెలుగు అక్షరం యూటీఎఫ్ 8ల మూడు బైట్లు తీసుకుంటది, అది ఈ0 తోటి మొదలైతది. అట్ల కనబడితే బతికినట్టే. నాకు 3ఎఫ్, 3ఎఫ్, 3ఎఫ్ అని వరుసగ వచ్చినయి. 3ఎఫ్ అంటేనే ప్రశ్నార్థకం. అంటే డేటాబేస్ లోపలనే అట్ల రాసి ఉంది. ఇక తిరిగి రాదు.

ఇంకొకటి, ప్రశ్నార్థకాలు కాకుండ నెత్తిమీద గీతలున్న పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వరుసగ వస్తే సంతోషపడండి. చానసార్లు బైట్లు అట్లనే ఉండి, పేరు మాత్రమే తప్పుగ చదువుతున్నట్టు. అది బాగుచేయొచ్చు. ఏం ముట్టకముందు డేటాబేస్ కాపీ ఒకటి తీసి పక్కకు పెట్టుకోండి.

ఎందుకు ఇట్లయింది? ఆ హోస్టింగ్‌ల నా టేబుల్ లాటిన్ 1 అనే అక్షరాల పద్ధతిల తయారైంది. దాంట్ల 256 గళ్లే ఉంటయి, తెలుగుకు ఒక్క గడి కూడ లేదు. పేజీ నుంచి మాట తెలుగులనే పోయింది, టేబుల్‌ల జాగ లేక ఒక్కో గుర్తుకు ఒక్కో ప్రశ్నార్థకం రాసుకుంది. సర్వర్ స్ట్రిక్ట్ మోడ్‌ల ఉంటే "ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వాల్యూ" అని ఒప్పుకోకపోయేది, నాకు మొదటి రోజే తెలిసేది. అక్కడ ఆ మోడ్ లేదు. చెప్పకుండ మింగేసింది. ల్యాబ్‌ల ఎందుకు నడిచింది అంటే, అక్కడి సెట్టింగ్ వేరే. నేను హోస్టింగ్‌ల ఒక్క తెలుగు మాట కొట్టి చూసినా బయటపడేది. మన భాష కోసం చేసిన పేజీని ఇంగ్లిష్ తోటి టెస్ట్ చేసిన. ఇది నా మొదటి తప్పు.

బాగు చేసేటప్పుడు మళ్ల ఒక దెబ్బ తగిలింది. టేబుల్‌ను యూటీఎఫ్ 8కి మార్చిన, తెలుగు మంచిగ వచ్చింది. ఒక అక్క గుంజాల గోండి లిపిల టైప్ చేసింది, మాట సరిగ సేవ్ కాలే. సంగతి ఏందంటే, మైఎస్‌క్యూఎల్‌ల యూటీఎఫ్ 8 అని పేరు పెట్టినది మూడు బైట్ల దాకనే పట్టుకుంటది. తెలుగుకు మూడు చాలు. మన గుంజాల గోండి లిపి యూనికోడ్‌లకు 2018ల వచ్చింది, మసరాం గోండి లిపి 2017ల. రెండింటి అక్షరాలకూ నాలుగు బైట్లు కావాలె. దానికి యూటీఎఫ్ 8 ఎంబీ 4 అని వేరే పెట్టాలె. మూడు చోట్ల చూసుకోండి: టేబుల్‌ల, పీహెచ్‌పీ నుంచి డేటాబేస్‌కి కలిపే కనెక్షన్‌ల (మైఎస్‌క్యూఎల్ఐ అయితే సెట్ క్యార్‌సెట్ పెట్టాలె), హెచ్‌టీఎంఎల్ పేజీ తల భాగంల. పేజీకి యూటీఎఫ్ 8 అని రాస్తే చాలు, ఎంబీ 4 అనేది డేటాబేస్ మాట. ఒక్క చోట మరిచినా కథ మళ్ల మొదటికి వస్తది.

రెండోది రికార్డింగ్. పీహెచ్‌పీల మనం మార్చకపోతే ఒక్క ఫైల్ 2 ఎంబీ దాకనే తీసుకుంటది. దాని పేరు అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్ సైజ్. మొత్తం ఫారంకు ఇంకో లిమిట్ ఉంది, పోస్ట్ మ్యాక్స్ సైజ్, అది 8 ఎంబీ. ఫైల్ మొదటి లిమిట్ దాటితే ఎర్రర్ నంబర్ 1 వస్తది, మాటలు వస్తయి, ఫైల్ రాదు. రెండోది దాటితే ఫారంల ఏమీ రాదు, అన్ని బాక్సులు ఖాళీగ ఉన్నట్టు కనబడతది. తాత రికార్డింగ్ మొదటి లిమిట్ దగ్గర ఆగిపోయింది. ఎర్రర్ నంబర్ 1 వచ్చే ఉంటది. నేను చూడలే. ఆ నంబర్ చూడకుండ, ఫైల్ ఫోల్డర్‌లకు పోయిందా లేదా అడగకుండ, కింద లైన్‌ల "సేవ్ అయింది, థాంక్స్" అని రాసి పెట్టిన. ఏమైనా, ఏం కాకున్నా, అదే వస్తది.

ఇది నా రెండో తప్పు, పెద్ద తప్పు. తమ్ముడు కోపం చేయలే. "సేవ్ అయింది అని నువ్వే రాసినవ్ కద అన్నా" అని ఒక్క మాటనే అన్నడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకుండె.

మిగిలిన ఇబ్బందులు తొందరగ చెప్త, ఇవి అందరికీ వస్తయి.

తెల్ల స్క్రీన్ వస్తే, ఎర్రర్ లేదని కాదు, దాచిపెట్టిండ్రని. నేర్చుకునేటప్పుడు డిస్‌ప్లే ఎర్రర్స్ ఆన్ చేయండి. సెమీకోలన్ మరిచినట్టి తప్పు అయితే ఆ ఫైల్‌లనే ఆన్ చేసినా కనబడదు, ఎందుకంటే ఫైల్ నడవనే నడవదు. పీహెచ్‌పీ ఐఎన్ఐల మార్చాలె, లేకపోతే ఎర్రర్ లాగ్ చదవాలె. ఎక్సాంప్‌ల అపాచి ఫోల్డర్ లోపల లాగ్స్‌ల ఉంటది. పబ్లిక్‌ల పెట్టినంక మాత్రం స్క్రీన్ మీద ఆఫ్ చేసి లాగ్‌లకు పంపండి. ఫోల్డర్ దారులు, టేబుల్ పేర్లు అందరికీ కనబడొద్దు.

ఎర్రర్ వస్తే అది తిట్టు కాదు. నేను మొదట్ల ఎర్ర అక్షరాలు చూడంగనే పేజీ మూసేసేటోన్ని. దాంట్ల మూడు సంగతులు ఉంటయి: ఏ రకం తప్పు, ఏం తప్పు, ఏ ఫైల్‌ల ఎన్నో లైన్. ఇంగ్లిష్ రాకున్నా లైన్ నంబర్ చదవొచ్చు. ఆ లైన్ మంచిగనే ఉంటే దాని పైన లైన్ చూడండి. పైన సెమీకోలన్ లేకపోతే పీహెచ్‌పీకి కింద లైన్‌కి వచ్చినంకనే తెలుస్తది.

"హెడర్స్ ఆల్రెడీ సెంట్" అని వస్తే, వేరే పేజీకి పంపకముందే ఏదో బయటికి పోయిందని అర్థం. ఒక ఖాళీ జాగ అయినా చాలు. నాకు ఒకటో లైన్ అని చూపించింది, అక్కడ ఏం లేదు. పాత నోట్‌ప్యాడ్‌ల యూటీఎఫ్ 8 అని సేవ్ చేస్తే ఫైల్ మొదట్ల కనబడని మూడు బైట్లు పెడతది, దాన్ని బామ్ అంటరు. వేరే ఎడిటర్‌ల బామ్ లేకుండ సేవ్ చేస్తే పోయింది.

ల్యాబ్‌ల నడిచిన ఫైల్ హోస్టింగ్‌ల దొరకదు అంటే, పేరుల పెద్దక్షరం, చిన్నక్షరం చూడండి. విండోస్ పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటది.

ఒక చెల్లె మాటను ఒంటి కొటేషన్ల మధ్యల పెట్టి కొట్టింది, క్వెరీ తెగిపోయింది. నేను ఫారంల వచ్చింది వచ్చినట్టే క్వెరీల అతికించిన. మంచోళ్లు కొడితే తెగుతది, చెడ్డోళ్లు కొడితే టేబుల్ మొత్తం తీసుకపోతరు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడండి, ఇంకో దారి వెతకకండి.

తెలుగు మాటను కత్తిరించేటప్పుడు, లెక్కపెట్టేటప్పుడు ఎంబీ అని మొదలయ్యే ఫంక్షన్లు వాడండి. "గోండి" అనే మాటకు మామూలు స్ట్ర్‌లెన్ 15 అంటది, ఎంబీ స్ట్ర్‌లెన్ 5 అంటది. మొదటిది బైట్లు లెక్కపెడతది. మామూలు సబ్‌స్ట్ర్ తోటి కోస్తే అక్షరం మధ్యలనే తెగుతది.

ఇప్పుడు పోయిన మాటల సంగతి. ఒక్కో గుర్తుకు ఒక్కో ప్రశ్నార్థకం అన్న కద, దాంతోటి కొంచెం సాయం అయింది. ఏర్‌కు మూడు ప్రశ్నార్థకాలు, నార్‌కు నాలుగు. కని రోన్‌కు కూడ నాలుగే. ఊరు, ఇల్లు రెండూ ఒక్కతీరుగ అయిపోయినయి. రఫ్ నోట్ బుక్కులు, తేదీలు, ఉన్న రికార్డింగులు, ఈ లెక్క అన్నీ కలిపి 171 మాటలు మళ్ల రాసుకున్నం. 34 మాటలకు ఊర్లకు ఫోన్ చేసి మళ్ల అడిగినం. 9 మాటలు దొరకలే. ఆ తొమ్మిది తాత చెప్పినవే. తమ్ముడి బుక్కుల ఐదు ఉండె, మిగిలినవి నేరుగ పేజీలనే కొట్టిండు.

పేజీ ఇప్పుడు మళ్ల రాసిన. "సేవ్ అయింది" అనే లైన్ తీసేసిన. దాని జాగల, డేటాబేస్ నుంచి ఆ మాటను తిరిగి చదివి స్క్రీన్ మీద చూపిస్తది, రికార్డింగ్‌ను మళ్ల వినిపిస్తది. చూసి, విని, సరే అంటేనే అయినట్టు. మా ఊర్ల ఎవరితోనన్న కబురు పంపితే పోయేటోన్ని ఒకసారి తిరిగి చెప్పమంటరు. అది నాకు చిన్నప్పటి నుంచి తెలిసిందే, కని కంప్యూటర్ దగ్గర యాదికి రాలే. రోజూ రాత్రి డేటాబేస్ కాపీ ఒకటి తీసి వేరే చోట పెడుతున్నం. ఎవ్వరూ ఫోన్‌ల రికార్డింగ్ తీసేయొద్దని మొదటి లైన్‌లనే రాసినం.

ఆ తొమ్మిది వరుసలు డిలీట్ చేయలే. ప్రశ్నార్థకాలతోటి అట్లనే ఉన్నయి, పక్కన ఊరి పేరు, తమ్ముడి పేరు ఉంది. నాగలి, కాడి, గొర్రు, గుంటుక, విత్తనాలు, గాదె, వీటి దగ్గరి మాటలే అయి ఉంటయని తమ్ముడు అంటున్నడు. మీ ఊర్ల ఆ తాత ఈడోళ్లు ఉంటే, ఈసారి ఇంటికి పోయినప్పుడు ఒక గంట వాళ్ల పక్కన కూర్చోండి. నాగలిని ముందట పెట్టి ఒక్కొక్క భాగం చూపించి అడగండి. ముందు కాగితం మీద రాయండి, తర్వాత రికార్డ్ చేయండి, ఆ తర్వాతనే నా పేజీల కొట్టండి.

పీహెచ్‌పీల ఎవరికన్న ఎర్రర్ వచ్చి ఆగిపోతే, సిగ్గుపడకుండ లైన్ నంబర్‌తో సహా ఫోటో తీసి పంపండి. నాకు తెలిసింది చెప్త, తెలియకపోతే అన్నను అడిగి చెప్త. మూడు రోజులు భయపడి కూర్చున్న కాబట్టి చెప్తున్న, అడగనీకి మూడు నిమిషాలు పట్టదు.

జై సేవా.