తాళం పడిన స్వరం

శబ్దం నిత్యమని మీమాంసకుల సిద్ధాంతం. ఆ శబ్దాన్ని ఉచ్చరించే కంఠం మాత్రం అనిత్యమే. గోదావరీతీరంలోని ఒక ఘనపాఠిగారి గృహంలో ఆ రెండింటి నడుమ కొంతకాలం ఒక చిన్న నల్లని పెట్టె నిలిచి ఉండింది.

ఘనపాఠిగారు తైత్తిరీయ సంహిత 7 కాండలు, 44 ప్రశ్నలు ధారణలో నిలుపుకొని, దశాబ్దాలపాటు విద్యార్థులకు సంత చెప్పినవారు. ఆయన జ్యేష్ఠపుత్రుడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగి. సెలవులకు వచ్చినప్పుడల్లా తండ్రిగారి పఠనాన్ని పనస పనసగా రికార్డు చేసి, ఇంటిలోని నాస్ పెట్టెలో భద్రపరచేవాడు. అందులో రెండు హార్డ్ డిస్కులు. ఒకదానిలోనిది రెండవదానిలో ప్రతిబింబిస్తుంది. “ఒకటి చెడినా రెండవది ఉంటుంది నాన్నగారూ” అనేవాడు. డిస్కులు రెండూ చెడలేదు. ఘనపాఠిగారికి పక్షవాతం సోకి వాక్కు పోయింది. మరుసటి ఏడే ఆ కుమారుడు అకాలంగా దేహం చాలించాడు. పాస్‌వర్డ్ అతనికి తప్ప అన్యులకు తెలియదు.

సంవత్సరీకాలు ముగిసిన పిమ్మట ఒక శిష్యునికి ఒక అనువాకంలో స్వరసందేహం కలిగింది. గురువుగారికి ఆ స్వరం తెలుసు, పలకలేరు. హస్తం పైకెత్తి, క్రిందికి దించి చూపారు. వ్రేళ్లు వణకడంచేత ఉదాత్తమో స్వరితమో విద్యార్థికి స్పష్టపడలేదు. పెట్టె తెరవవలసిన అగత్యం అప్పుడు ఏర్పడింది.

కనిష్ఠపుత్రుడు అన్నగారి జన్మతిథి, వివాహతిథి, ఇష్టదైవం పేరు, పిల్లల పేర్లు ఒకదాని వెంట ఒకటి ప్రయత్నించాడు. స్వల్పకాలంలో అన్ని విఫలయత్నాలు జరిగితే ఆ యంత్రం అడిగేవారి కంప్యూటర్ చిరునామానే బహిష్కరిస్తుంది. అటుపిమ్మట సరియైన పదం చెప్పినా అంగీకరించదు. ఊహించి మోక్షం పొందాలనుకునేవారి గతి ప్రాయికంగా ఇట్టిదే.

పిదప అతడు ఒక డిస్కును ఊడదీసి తన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. ఆ పెట్టెలోని వ్యవస్థ లైనక్స్ సంప్రదాయానికి చెందినది. విండోస్ దానిని చదవలేదు. చదవలేనని చెప్పి ఊరకుండక, డిస్కును ఫార్మాట్ చేయమంటారా అని ప్రశ్నించింది. అతని వ్రేలు మీటపైకి వెళ్లింది. వెనుక నిలుచున్న వదినగారు, “ఆగు నాయనా. అర్థం కాని ప్రశ్నకు అవునని చెప్పకు” అన్నది. ఆ ఇంటి వేదధ్వని అంతా ఆ ఒక్క మాటచేత నిలిచిందంటే అతిశయోక్తి కాదు. రెండవ డిస్కు ఉన్నది గదా అనవచ్చు; కంగారుపడిన మనిషి ఒక డిస్కుతో ఆగడు.

మార్గం ఆ పెట్టె వెనుకనే ఉంది. సినాలజీ పెట్టెలకు వెనుకభాగంలో సూదిమొన పట్టేంత రంధ్రం, అందులో రీసెట్ మీట ఉంటాయి. పెట్టె నడుస్తూ ఉండగా దానిని సుమారు 4 సెకన్లు అదిమి, బీప్ శబ్దం రాగానే వదలాలి. వెంటనే మరల నొక్కరాదు. అది వ్యవస్థను పునఃస్థాపించే వేరొక ప్రక్రియకు దారి. ఒక్కసారి నొక్కినప్పుడు అడ్మిన్ అనే ఖాతా పాస్‌వర్డ్, నెట్‌వర్క్ అమరికలు తొలిస్థితికి వస్తాయి. డిస్కులలోని దస్త్రాలు అట్లే ఉంటాయి. పాత చిరునామా మారిపోయే అవకాశం ఉన్నందున రౌటర్‌లో కొత్తది వెదకి, అడ్మిన్ పేరుతో, పాస్‌వర్డ్ గడిని రిక్తంగా ఉంచి ప్రవేశించి, నూతన పాస్‌వర్డ్ నియమించుకోవాలి.

డిస్కును యథాస్థానంలో పెట్టి, వదినగారి పిన్నీసుతో అతడు అట్లే చేశాడు. అరగంట గడిచేసరికి 44 ప్రశ్నల ఫోల్డర్లూ వరుసగా కనిపించాయి.

ఇంత సులభమైతే రక్షణ ఏమున్నదనే శంక సాధకులకు కలుగవచ్చు. పాస్‌వర్డ్ ద్వారపాలకుడు మాత్రమే. పెట్టె ఎవరి చేతిలో ఉన్నదో వారు ద్వారపాలకుని మార్చుకోగలరు. నిధికి ఆ మార్పుతో ప్రసక్తి లేదు. ఎన్‌క్రిప్షన్ అట్టిది కాదు. అక్కడ నిధి స్వరూపమే మారిపోయి ఉంటుంది. తాళపుచెవి అయిన ఆ కీ లేనివానికి ప్రతి అక్షరమూ చేతిలోనే ఉంటుంది, అర్థం మాత్రం ఉండదు. అడ్మిన్ అధికారం కూడా అక్కడ చెల్లదు.

ఆ పెట్టెలో అట్టి ఫోల్డర్ ఒకటి ఉంది. జ్యేష్ఠుని పేరు, ప్రక్కన తాళం గుర్తు. కనిష్ఠుడు అన్నగారి ఖాతా పాస్‌వర్డ్ మార్చి చూశాడు. ఫోల్డర్ కీ అడిగింది. కీ ఫైలును ఆయన ఎక్కడైనా దాచి ఉంటాడేమోనని పాత పెన్‌డ్రైవులు, పుస్తకాల అర వెదికారు. లభించలేదు.

“తీసివేయమంటారా వదినా? స్థలం కలిసివస్తుంది” అని అడిగాడు.

“వద్దు. అట్లాగే ఉండనీ” అని ఆమె వంటగదిలోకి వెళ్లింది. క్రొత్త పాస్‌వర్డును మాత్రం చీటీపై వ్రాయించి, తాళపత్రాల పెట్టెలో ఘనపాఠిగారి సమక్షంలోనే పెట్టించింది.

సాయంకాలం శిష్యుడు ఆ అనువాకాన్ని వినిపించాడు. తమ కంఠధ్వని గదిలో మ్రోగుతుండగా ఘనపాఠిగారి కుడిచేయి స్వరాన్ని అనుసరించి కదిలింది. సందేహం ఉన్నచోట విద్యార్థి ఆపి, మరల వేశాడు. స్వరితమే.