ఎగరని బొత్తాం

పిల్లలూ, మొన్న మొన్నటిదాకా మా ఇంట్లో బల్లమీద ఒక నల్లని పెట్టె ఉండేది. బరువు దాదాపు మూడు కిలోలు. పట్టుకు పోవడానికి తోలు పట్టీ, పైన అర్ధచంద్రాకారంగా గీతలు గీసిన పలక, పలకమీద సన్నని ముల్లు, ముల్లు కింద చిన్న అద్దం, అడుగున గుండ్రంగా తిప్పే మీటలు రెండు. దాని మీద ఇంగ్లీషులో మూడే అక్షరాలు: ఏ, వి, ఓ. మా బడి పిల్లలు వాటిని కలిపి "ఏవో మీటరు" అని చదివేవారు. "ఇది ఏం కొలుస్తుందిరా?" అని అడిగితే, "ఏవో కొలుస్తుంది సార్!" అని నవ్వేవారు.

నిజానికి అవి ఆంపియర్లు, వోల్టులు, ఓములు అనే మూడు మాటల మొదటి అక్షరాలు. వంద ఏళ్ళ కిందట ఇంగ్లండులో తపాలా శాఖవారే టెలిఫోను తీగెలను కూడా చూసుకునేవారు. ఆ శాఖలో డొనాల్డ్ మెకాడీ అనే ఇంజనీరు ఉండేవాడు. కరెంటు కొలవడానికి ఒక మీటరు, వోల్టులకు ఇంకొకటి, ఓములకు మరొకటి మోసుకుని తిరగలేక అతనికి విసుగెత్తింది. మూడు పనులూ ఒకే పెట్టెలో ఇమిడ్చాడు. 1923లో ఆ పెట్టె తయారై వచ్చింది. తరవాత ఎన్నో నమూనాలు వచ్చాయి. 1951లో వచ్చిన ఎనిమిదవ నమూనా ప్రపంచమంతా తిరిగింది. మా బల్లమీది పెట్టె ఆ నమూనాదే.

దాని లోపలి కిటుకు సులభమైనదే. ఒక అయస్కాంతం, దాని ధ్రువాల మధ్య వెంట్రుకంత సన్నని తీగె చుట్టిన చిన్న చట్రం. తీగెలో కరెంటు పారితే చట్రం తిరుగుతుంది, చట్రానికున్న ముల్లు కదులుతుంది. వోల్టులు కొలిచేటప్పుడు ఈ మీటరు ఒక్కొక్క వోల్టుకు 20,000 ఓముల నిరోధం అడ్డం పెట్టుకుంటుంది. అంటే ఎక్కువలో ఎక్కువ ఆంపియరులో 20,000వ వంతు కరెంటు మాత్రమే తీసుకుంటుంది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి అమ్మ ఒక్క మెతుకు పట్టి చూస్తుంది గదా, అట్లాగన్నమాట.

ఇక రెండు సంగతులు బాగా గుర్తు పెట్టుకోండి. మొదటిది: వోల్టులు కొలిచేటప్పుడు ముల్లును కదిలించే శక్తి బయటినుంచే వస్తుంది. ఓములు కొలిచేటప్పుడు మాత్రం మీటరు తన సొంత శక్తి ఖర్చు పెట్టాలి. అందుకని పెట్టెలో 1.5 వోల్టుల బ్యాటరీ ఒకటి, 15 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటాయి. రెండవది: పలకమీద ఒక బొత్తాం ఉంటుంది. ఎవరైనా పొరపాటున మోతాదుకు మించిన కరెంటు ఎక్కిస్తే ముల్లు విసురుగా పోయి చివర తగులుతుంది. తగలగానే ఆ బొత్తాం 'టక్'మని పైకి ఎగురుతుంది. కరెంటు దారి తెగిపోతుంది, మీటరు బతికిపోతుంది.

1991లో నేను పెనుకొండలో ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పేవాణ్ణి. ఈ మీటరును ఎవరో పెద్దాయన బడికి కానుకగా ఇచ్చాడు. బడి మొత్తానికి అంత ఖరీదైన వస్తువు మరొకటి లేదు. తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవారి బిడ్డ, మేనమామ ఇంట ఉండి చదువుకునేవాడు. ఏ పరికరాన్నయినా వాడు పట్టుకునే తీరు చూస్తే ముచ్చటగా ఉండేది. అందుకని మీటరు తీసి బల్లమీద పెట్టే పని వాడికే అప్పగించాను.

వేసవి సెలవులు అయిపోయి జూన్‌లో బడి తెరిచాము. మొదటి ప్రయోగం రోజున వాడు మీటరును ఓములకు తిప్పి, రెండు తీగెలూ ఒకదానికొకటి తాకించాడు. ముల్లు కదలలేదు. పక్క బల్లమీద 12 వోల్టుల కారు బ్యాటరీ ఒకటి ఉన్నది. నాకు ఒళ్ళు మండింది. "ఓముల మీద పెట్టి ఆ బ్యాటరీకి తగిలించావు గదూ? మీటరు కాల్చేశావు!" అన్నాను.

"నేనేమీ తగిలించలేదు సార్. చూడండి, బొత్తాం ఎగరలేదు," అన్నాడు వాడు.

పిల్లలూ, వాడు చెప్పినది సాక్ష్యం. నేను దాన్ని ఎదురు సమాధానం అనుకున్నాను. "ఇకమీదట నువ్వు పరికరాలు ముట్టవద్దు," అన్నాను. అంతటితో ఊరుకోలేదు. మీటరు ఖరీదు నా జీతంలో పట్టుకుంటారేమోనని భయపడి, స్టాకు రిజిస్టరులో "విద్యార్థి అజాగ్రత్త వలన చెడిపోయినది" అని రాశాను. వాడు ఆ ఏడాదంతా వెనక బల్లమీద కూర్చున్నాడు. పదో తరగతి కాకుండానే ధర్మవరం వెళ్ళిపోయి మగ్గం ఎక్కాడు. ఇంట్లో మనిషి చాలక పిలిచారని చెప్పారు. కేవలం నా మాటవల్లనే పోయాడని అనలేను. నా మాటకు అందులో పాలు లేదనీ అనలేను.

మీటరు బీరువాలోకి పోయింది. నేను ఊళ్ళు మారి, హెడ్మాస్టరునై, ఉద్యోగ విరమణ కూడా చేశాను. ఆ మధ్య ఆ బడిలో పాత సామాను వేలం వేస్తున్నారని తెలిసి వెళ్ళాను. విరిగిన కుర్చీల మధ్య నల్లపెట్టె కనిపించింది. తూకానికి కొని ఇంటికి తెచ్చాను.

ముందుగా టార్చి బ్యాటరీ ఒకటి తీసుకుని, మీటరును వోల్టులకు తిప్పి తాకించాను. ముల్లు నిదానంగా లేచి ఒకటిన్నర దగ్గర నిలబడింది. నా చేతులు చల్లబడ్డాయి. ముల్లు బాగుంది, అయస్కాంతం బాగుంది, వెంట్రుకంత తీగె బాగుంది. కారు బ్యాటరీ తగిలి కాలిన మీటరు అట్లా చదవదు. ఒక్క నిమిషం పట్టే ఈ పరీక్ష 1991లో చేయడానికి నాకు తోచలేదు.

వెనక మూత విప్పాను. లోపల పాత బ్యాటరీలు రెండూ ఉబ్బి, పగిలి, కారి ఉన్నాయి. ఆ కాలపు బ్యాటరీలలో పైనున్న జింకు డబ్బాయే ఋణధ్రువం. లోపల కళాయి పూసేవారు వాడే నవాసారం, అంటే అమ్మోనియం క్లోరైడు, ముద్దగా ఉంటుంది. వాడినా వాడకున్నా జింకు కొద్దికొద్దిగా కరిగిపోతూ ఉంటుంది. ఎండ వేడికి ఇంకా త్వరగా కరుగుతుంది. డబ్బాకు చిల్లి పడితే ముద్ద బయటికి వచ్చి ఇత్తడినీ రాగినీ తింటుంది. ఏప్రిల్‌లో బడి మూసేటప్పుడు బ్యాటరీలు తీసి పెట్టవలసినది ఎవరు? సైన్సు పంతులు. కొండ కింద ఊళ్ళో, మే నెల ఎండలో, బీరువాలో వాటిని వదిలి వెళ్ళినది నేనే.

ఇక బాగు చేయకుండా నిద్ర పట్టలేదు. వంటసోడా నీళ్ళలో దూది ముంచి పచ్చని చిలుమంతా తుడిచి ఆరబెట్టాను. బ్యాటరీని నొక్కిపట్టే ఇత్తడి రేకులు పొడిగా రాలిపోయాయి. అంతకన్నా కష్టం మరొకటి: కారిన ద్రవం పాకి, ఒక ఉండమీద చుట్టిన నిరోధపు తీగె ఒకచోట తెగిపోయింది.

విడిభాగాల కోసం హిందూపురం రైలు ఎక్కాను. బెల్లం, చింతపండు వాసనల మధ్య బజారు సందులో ముసలి రేడియో మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. ఇప్పుడు సెల్‌ఫోను చార్జర్లు బాగుచేస్తాడు కాని, వెనక అటకమీద పాత రేడియోల వాల్వులు డబ్బాల్లో దాచుకున్నాడు. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థ 1961లో అటువంటి వాల్వులు చేయడం మొదలుపెట్టింది. ఆ కాలపువాటిని నాకు మురిపెంగా చూపించాడు. చెడిపోయిన టార్చిలైటులోనుంచి ఇత్తడి రేకులు కత్తిరించి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. 15 వోల్టుల బ్యాటరీ అడిగితే మాత్రం నవ్వాడు. "అది యాడ దొరుకుతుంది సార్ ఇప్పుడు? బెంగళూరు పోయి చూడండి," అన్నాడు.

బెంగళూరులో సాదర్ పత్రప్ప రోడ్డని ఒక వీధి ఉన్నది. ఎస్.పి. రోడ్డంటే అందరికీ తెలుసు. వీధి పొడవునా కరెంటు సామాన్ల అంగళ్ళే. పది అంగళ్ళు తిరిగాను. ఎవరి దగ్గరా లేదు. నేను దిగులుగా నిలబడితే, అంగట్లో పనిచేసే కుర్రవాడొకడు నాణెంలాంటి చిన్న బ్యాటరీలు అయిదు నా ముందు పేర్చాడు. "ఒక్కొక్కటి 3 వోల్టులు. మూడైదులు పదిహేను గదా సార్!" అన్నాడు. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పిన నాకు మూడో ఎక్కం వాడు చెప్పవలసి వచ్చింది! వాటిని ఒక ప్లాస్టిక్కు గొట్టం ముక్కలో వరుసగా పేర్చి, రెండు కొసలకూ రేకులు పెట్టాను. (పిల్లలూ, ఈ నాణెపు బ్యాటరీలు తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ అందనీయవద్దు. మింగితే ప్రాణాపాయం. పొరపాటున మింగితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.)

మీకొక చిత్రం చెబుతాను. విడిభాగాల కోసం వెదుకులాడినది నేనొక్కణ్ణే కాదు. ఆవో మీటరు చేసే కంపెనీకే లోపలి భాగాలు దొరకడం కష్టమై, 2008లో దాని తయారీ ఆపివేశారు.

మిగిలినది తెగిన తీగె. భూతద్దం పెట్టి మూడు రోజులు కూర్చున్నాను. అరవై దాటిన నా వేళ్ళు వణికి, తీగె ఇంకా తెగుతూ వచ్చింది. అప్పుడు నాకు ధర్మవరంలో మగ్గాలవారు గుర్తు వచ్చారు. మగ్గం మీద పాత పడుగు అయిపోయినప్పుడు, కొత్త పడుగు కొసలను పాత కొసలకు ఒక్కొక్క పోగుగా వేళ్ళతో మెలివేసి అతుకుతారు. అట్లా వేల పోగులు అతకాలి. ఆ పని చేసేవాళ్ళలో నాకు తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఎట్లాగూ వాడి దగ్గరికి పోవలసిన పని నాకు ఉన్నది. తీగె ఒక సాకు మాత్రమే.

అడ్రసు కనుక్కుని వెళ్ళాను. వాడికిప్పుడు యాభై ఏళ్ళకు దగ్గర. నన్ను చూసి మగ్గం దిగి వచ్చాడు. "ఏం సార్, ఇంత దూరం వచ్చినారు? కబురు పంపితే నేనే వస్తుంటి గదా!" అన్నాడు. నేను పెట్టె ముందుపెట్టి జరిగినదంతా చెప్పాను. బ్యాటరీలు కారిన సంగతి, వాటిని నేను వదిలి వెళ్ళిన సంగతి, రిజిస్టరులో రాసిన మాట, ఏదీ దాచలేదు. "తప్పు నాదప్పా. నువ్వు చెప్పినది నిజం," అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "రిజిస్టరులో అట్ల రాసినట్ల నాకు తెలీదు సార్," అని మాత్రం అన్నాడు. ఆ మాట నాకు తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

పిమ్మట పెట్టెను వెలుతురుకు జరుపుకున్నాడు. తీగె కొసలు రెండూ గోటితో పట్టి, పైపూత గీకి, ఒక్క మెలి వేశాడు. నేను సీసం అతుకు పెట్టాను. తీగెలు తాకించి, సున్నా సరిచేసే మీట తిప్పాము. ముల్లు గీత చివరిదాకా వెళ్ళి సున్నామీద నిలబడింది.

"ఆ బొత్తాం నిజంగా ఎగురుతుందా సార్? నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు.

నేను మీటరును అతి చిన్న కరెంటు కొలతకు తిప్పి, 9 వోల్టుల బ్యాటరీకి ఒక్క క్షణం తాకించాను. 'టక్'మని బొత్తాం ఎగిరింది. వాడు ఫక్కున నవ్వాడు. అచ్చం తొమ్మిదో తరగతి నవ్వు.

పోయిన నెల మీటరును పెనుకొండ బడికే తిరిగి ఇచ్చివేశాను. అక్కడి హెడ్మాస్టరుగారి అనుమతితో స్టాకు రిజిస్టరులో ఇట్లా రాశాను: "ఆవో మీటరు, ఒకటి. పనిచేయుచున్నది. 1991లో చెడుటకు కారణం, సెలవులలో బ్యాటరీలు తీయకపోవడం. బాధ్యుడు, అప్పటి సైన్సు ఉపాధ్యాయుడు." కింద సంతకం పెట్టాను. బ్యాటరీలు తీసి విడిగా పొట్లం కట్టి ఇచ్చాను.