తలకా, మెషీన్‌కా?

గుంటూరులో మిర్చి కమీషన్ కొట్లకి, కోల్డ్ స్టోరేజీలకి, ఆడిటర్ల ఆఫీసులకి సర్వర్లు పెట్టడం నా పని. ఒక్క సర్వర్‌లోకి గుమాస్తాలందరూ రిమోట్ డెస్క్‌టాప్‌తో వచ్చి ట్యాలీ, ఎక్సెల్ చేసుకుంటారు. మొదట్లో అంతా సాఫీగానే నడుస్తుంది. ఈ ఏర్పాటుకి విండోస్ సర్వర్ 120 రోజుల పాటు లైసెన్సు అడగదు మరి. అడ్మిన్‌గా లాగిన్ అయితే ఇన్ని రోజులే మిగిలాయని స్క్రీన్ మూల చిన్న హెచ్చరిక వస్తుంది. దాన్ని చదివేదెవరు? గడువు తీరాక, సరిగ్గా జీఎస్టీ రిటర్న్ వేసే వేళకి, లైసెన్స్ సర్వర్ లేదంటూ అందర్నీ బయటే నిలబెడుతుంది.

"లక్షలు పోసి సర్వర్ కొన్నాం గదయ్యా, మళ్ళీ తలకింతని కట్టడమేంటి?" అంటారు షావుకారు.

"సర్వర్ మీదే సార్. అందులోకి వచ్చేవాళ్ళ లెక్క వేరు."

ఆ లెక్క లైసెన్సునే క్యాల్ (క్లయింట్ యాక్సెస్ లైసెన్స్) అంటారు. అది రెండు రకాలు: తలకింతని యూజర్ క్యాల్, మెషీన్‌కింతని డివైస్ క్యాల్. కాటా దగ్గర ఒకే కంప్యూటర్ మీద మూడు షిఫ్టులవాళ్ళు కూర్చుంటే డివైస్ క్యాల్ ఒకటి చాలు. ఆడిటర్‌గారు ఆఫీసులో, ఇంట్లో, ప్రయాణంలో మూడు మెషీన్లు వాడతారు. ఆయనకి యూజర్ క్యాలే లాభం. యూజర్ పద్ధతిలో, కొన్నవాటికంటే ఎక్కువమంది వచ్చినా సర్వర్ ఆపదు. ఆపలేదు కదా అని ఊరుకుంటే లైసెన్స్ ఆడిట్‌లో దొరికిపోతారు. 2019 క్యాల్ 2022 సర్వర్‌కి చెల్లదు; కొత్తది మాత్రం పాత సర్వర్‌కి చెల్లుతుంది.

ఇక ఆఫీస్ ప్యాకేజీ. షాపులో కొన్న మామూలు కాపీని ఇలాంటి సర్వర్‌లో వేస్తే తెరుచుకోనని మొండికేస్తుంది. వాల్యూమ్ లైసెన్సైనా ఉండాలి, షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్ ఉన్న మైక్రోసాఫ్ట్ 365 ప్లాన్ అయినా ఉండాలి. ట్యాలీలో సిల్వర్ ఒక్కరికే, పదిమందికి గోల్డ్ కావాలి.

రిజిస్ట్రీలో ఒక కీ చెరిపేస్తే మళ్ళీ 120 రోజులు వస్తాయని చెప్పే కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. నేను ఆ పని చేయను, అందుకు కొన్ని కాంట్రాక్టులు పోయాయి కూడా.

సర్వర్ కొటేషన్ చేతికొస్తే ర్యామ్, డిస్క్ తర్వాత చూద్దురుగాని, ముందు సర్వర్ వాడకానికి విండోస్ సర్వర్ క్యాల్, రిమోట్ డెస్క్‌టాప్‌కి ఆర్‌డీఎస్ (రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్) క్యాల్ అని రెండు వరుసలూ విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. ఏ ఒక్కటి లేకపోయినా, డబ్బు కట్టకముందే అడగండి.