చెఱకు దొరల మేడలు, కోరంగివారి చిట్టాలు

హిందూమహాసముద్రమున మడగాస్కరునకు తూర్పుగా నున్న మారిషస్ ద్వీపమును దర్శింపబోవు తెలుగువానికి నేను మొట్టమొదట చెప్పునది, రాజధానియగు పోర్టులూయీకి అనతిదూరమున చల్లని మెరకప్రదేశముననున్న మోకా యను నూరిని ఒక దినమెల్ల తీరికగా చూడుమని. అచ్చట యురేకా అను కొయ్యమేడ కలదు. 1830లో నిర్మింపబడి, 1856లో లె క్లేజియో వంశమువారి చేతికి వచ్చిన ఈ గృహమునకు విశాలమైన వసారాలును, గాలి యే దిక్కున వీచినను లోనికి రానిచ్చు ద్వారములును ఉన్నవి. తలుపులే 109 అని దారిచూపువారు లెక్క చెప్పుదురు. అగ్నిభయముచేత వంటయింటిని మేడకు ఎడముగా కట్టిరి. తోట దాటి క్రిందికి దిగినచో మోకానది జలపాతములై దుముకుచుండును. 2008లో నోబెల్ బహుమాన మందిన ఫ్రెంచి నవలాకారుడు లె క్లేజియో పూర్వులు ఈ యింటివారే.

ఇట్టి గృహములు ఆ దీవిలో మఱికొన్ని కలవు. ఓడలు విప్పిన కలపతో 1819లో కట్టిన సెంట్ ఆబిన్ గృహమును, మాపూ గ్రామమున వీహే కుటుంబమువారు 1859లో ముగించిన లబూర్దొనే భవనమును యాత్రికులకు చూపుదురు. రెదుయీ సౌధము కథ వేఱు: శత్రువులు పైబడినచో స్త్రీలకును శిశువులకును ఆశ్రయముగా నుండునని 1748లో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ గవర్నరు దానిని కట్టించెను, పిమ్మట గవర్నరుల నివాసమై, నేడు ఆ దేశాధ్యక్షుని నివాసమైనది. 1901లో దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు వచ్చుచు గాంధీమహాత్ముడు ఈ దీవిలో దిగి, అప్పటి గవర్నరు సర్ చార్లెస్ బ్రూసునకు ఒక రాత్రి అతిథిగా నుండెను.

ఈ మేడలలో తిరుగునపుడు, వీనిని నిలిపిన పంచదార సంపద యెవరి కష్టమున పుట్టినదో తెలిసికొనక మరలుట నాకు సమ్మతము గాదు. యురేకా కట్టునాటికి తోటలలో పనివారు బానిసలు. 1835లో బానిసత్వము రద్దు కాగా, చెఱకు నఱకుటకు చేతులు చాలవని తలచిన దొరలు మన దేశముపై ముందే దృష్టి నిలిపియుండిరి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడ కలకత్తానుండి 36 మంది కూలీలను పోర్టులూయీలో దింపెను. 1920 వఱకు ఆ రేవున దిగిన భారతీయులు సుమారు 4,50,000. మొదట వచ్చినవారికి ఐదేండ్ల ఒడంబడిక, నెలకు 5 రూపాయల కూలి. ఒకనాడు పనికి రాకున్న రెండునాళ్ళ కూలి కోసివేయుదురు. జ్వరముతో మూలిగినవానికి ఇంతకన్న క్రూరమైన విధి యేమి కలదు? వారు దిగిన రేవును, నేడు ఆప్రవాసీ ఘాట్ అని పిలువబడుదానిని, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది.

ఆ దిగినవారిలో మనవారును కలరు. గోదావరి ముఖద్వారముననున్న కోరంగి రేవున ఓడ యెక్కినవారు గనుక ఆ దీవిలో తెలుగువారికి కోరింగీలను పేరు నిలిచినది. వారిలో గంజాము, విశాఖ, గోదావరి మండలములవారే యెక్కువ. అయినను గుంటూరు సీమలోని అమృతలూరు, తెనాలి, రేపల్లె ప్రాంతములవారు ఇది పరుల కథయని యెంచరాదు. 1855లో బెజవాడ ఆనకట్ట ముగిసి కృష్ణాజలము కాలువలకెక్కిన పిదపనే గదా మన మాగాణులు స్థిరపడినవి! అంతకు రెండు దశాబ్దములకు ముందు, నందన కరువున, గుంటూరు సీమలో ఊళ్ళకూళ్ళు పాడువడినవి. వానకొఱకు ఆకసమునే నమ్మిన రైతుకూలీ ఐదు రూపాయల మాట విని సముద్రము దాటుటకు ఏల సిద్ధపడెనో మన తాతముత్తాతల నడిగినచో చెప్పియుందురు.

పోయినవారు భాషను నిత్యవ్యవహారమున చాలవఱకు కోల్పోయిరి గాని, దైవమును పండుగను విడువలేదు. దీపస్తంభము చుట్టును తిరుగుచు రామభజనము చేయు ఆచారము నేటికిని వారియందు నిలిచియున్నది. సింహాద్రి అప్పన్నకు పూజలు కలవు. ఉగాది ఆ దేశమున ప్రభుత్వ సెలవుదినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అచ్చటనే జరిగినవి.

కావున ఉదయము యురేకా చూచినవారు అపరాహ్ణమున మోకాలోనే యున్న మహాత్మాగాంధీ సంస్థకు పోవలయును. వలసకూలీల చిట్టాలు అందు భద్రపఱుపబడియున్నవి: మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఊరు, ఎక్కిన ఓడ, ఇచ్చిన సంఖ్య, కొందఱకు ఛాయాపటములు గూడ. మేడల యజమానుల వంశవృక్షము ఎంత వివరముగా దొరకునో, ఈ పేదల వివరమును అంత శ్రద్ధగా వెదకదగినది. మన ఊరిపేరును అచ్చటి గుమాస్తా తన చెవికి సోకినట్లు వ్రాసికొనియుండును గనుక, తెలుగు గ్రామములు ఎఱిగినవారే దానిని పోల్చుకొనగలరు. ఈ పనికి మన విద్యాలయముల చరిత్రాధ్యాపకులు పూనుకొని, విద్యార్థులచేత ఆ పేర్లను ఒక్కొక్కటిగా గుర్తింపించినచో, పూర్వుల గ్రామము తెలియక విచారించు కోరింగీ కుటుంబములకు తమ ఊరేదో చెప్పగలుగుదుము.