రెండు భాషల రాజధాని

హైదరాబాదు రెండు భాషల నగరమని చిన్ననాటి నుండి వింటున్నాము. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా ఈ నగరమునకు పునాది వేసిన నాటి నుండి తెలుగు, ఉర్దూ ఇక్కడ ఇరుగుపొరుగు ఇండ్లవలె మసలుతున్నవి. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. 1956లో ఆంధ్రప్రదేశ్‌కు, 2014లో తెలంగాణకు ఈ నగరమే రాజధాని అయినది. 2017లో తెలంగాణ ప్రభుత్వము ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా ప్రకటించినది. శాసనము చేయగలిగినది చేసినది. ఇక మిగిలినది మనుషులు చేయవలసిన పని.

ఈ రెండు భాషల చెలిమిని చూడదలచినవారు సాధారణముగా చార్మినారుకు పోతారు. మేము మాత్రము మన విద్యార్థులను జూబ్లీహిల్స్, ఫిలింనగర్ వైపు రమ్మంటాము. తెలుగు చలనచిత్రము చాలకాలము మద్రాసులో పెరిగినది. 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమైన పిమ్మట, పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు కూడ ఈ రాతిగుట్టల మీద వెలసినవి. నేడు దేశదేశములలోని తెలుగువారు వెండితెర మీద వినే తెలుగు చాలవరకు ఇక్కడ తయారగుచున్నది.

ఆ గుట్టల క్రిందనే షేక్‌పేట. గోలకొండకు వచ్చిపోయే బాటసారుల కొరకు కుతుబ్ షాహీల కాలమున కట్టిన సరాయి, మసీదు అక్కడ నేటికీ ఉన్నవి. పైన స్టూడియోలో లెక్కలు వ్రాసే గుమాస్తా ‘హాజరు, జమ, ఖర్చు, బాకీ’ అని వ్రాస్తాడు. ఇవి ఉర్దూ పలుకుబడి ద్వారా మన ఇంటికి వచ్చిన మాటలని అతనికి తోచదు. గుమాస్తా అనే మాటయు అట్టిదే! క్రింద షేక్‌పేట గల్లీలో ఉర్దూ కుర్రవాడు ‘ఆతా బోల్‌కే బోలా’ అంటాడు. ఢిల్లీవారు విని నవ్వవచ్చును గాని, అది ‘వస్తానని అన్నాడు’ అనే తెలుగు వాక్యపు పోతలోనిదే. ఒక భాష మాటలు ఇచ్చినది. మరొకటి వాక్యపు నడక ఇచ్చినది.

ఇంతగా కలిసిన భాషలు వెండితెర మీదికి రాగానే విడిపోవడమే మాకు బాధ. మన చిత్రములలో ముస్లిము పాత్ర చాలసార్లు పానుడబ్బా వద్దనో, మెకానిక్ షెడ్డులోనో నిలబడి వచ్చీరాని తెలుగుతో నవ్విస్తుంది. ఇంట తెలుగే మాట్లాడే ముస్లిము కుటుంబము తెర మీద అరుదు. ఒకప్పుడు తెలంగాణ యాసకును ఇదే గతి పట్టినది. అది ప్రతినాయకునికో, హాస్యగానికో దక్కేది. 2023లో ‘బలగం’ చిత్రములో ఇంటిల్లిపాది ఆ యాసలోనే మాట్లాడగా చూచినవారు కంటతడి పెట్టారు. ‘ది ఆంగ్రేజ్’ దక్కనీ ఉర్దూలో నగరమును కడుపుబ్బ నవ్వించినది. ఆ దక్కనీ ఒక తల్లి దుఃఖమును, ఒక తండ్రి ఔదార్యమును పలికే చిత్రము కొరకు మేము ఎదురుచూస్తున్నాము.

ఈ ఎదురుచూపు మా స్వంత అనుభవము నుండి వచ్చినది. మేము తెలుగులో ఎం.ఏ. పట్టా పుచ్చుకొన్నప్పుడు బంధువొకరు, “ఉర్దూ విడిచి తెలుగెందుకు, బేటా?” అన్నారు. ఉద్యోగము కొరకు పోయిన ఒకచోట, “మీ ఇంట్లో తెలుగు మాట్లాడతారా అండీ?” అని అడిగారు. ఇరువురికీ మా సమాధానము ఒక్కటే. తెలుగు కవులు ఇబ్రహీం కుతుబ్ షాను మల్కిభరాముడని ప్రేమగా పిలుచుకొన్నారు. తొలి అచ్చతెలుగు కావ్యమైన ‘యయాతి చరిత్ర’ను పొన్నికంటి తెలగన అంకితమిచ్చినది అమీన్ ఖానునకు. తెలుగు మాకు అరువు సొమ్ము కాదు, ఉర్దూ మాకు విడిచిన వస్త్రము కాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మన వార్షిక సంచికలో ఉర్దూ కుడి నుండి, తెలుగు ఎడమ నుండి మొదలై నడుమ కలుస్తాయి. కాని చదివేవారు ఆ నడిమి పుట దాటడము లేదు. తెలుగు విద్యార్థులు ఉర్దూ లిపిని, ఉర్దూ విద్యార్థులు తెలుగు సాహిత్యమును నేర్చుకొనుటకు వారమునకు రెండు గంటలు చాలును. కళాశాల పాలకవర్గము వారు ఒక గదిని, ఒక నల్లబల్లను అనుగ్రహించినచో, పాఠము చెప్పుటకు మేము సిద్ధము. ఆ తరగతిలో కూర్చున్నవారిలో ఒక్కరైనను రేపు ఫిలింనగర్‌లో కలము పట్టినచో, ఈ నగరపు రెండు గొంతులూ తెర మీద సమానముగా వినబడగలవు.