పేరులోని కొక్కెం

మా మదరసా నమోదు పుస్తకం ఏళ్ళ తరబడి కాగితం మీదనే సాగింది. కొంతకాలం క్రితం, మా వద్ద చదువుకొని పిదప కంప్యూటరు రంగంలో స్థిరపడిన ఒక శిష్యుడు, ఇంటర్నెట్‌లో పనిచేసే సాఫ్ట్‌వేరు ఒకటి రాసి ఇచ్చాడు. ప్రతిఫలం పుచ్చుకోలేదు. విద్యార్థుల పేర్లతోపాటు, మా ద్వారా సహాయం పొందే వితంతువుల చిరునామాలు, ఫోన్ నంబర్లు కూడా అందులో చేర్చాము.

మూడేళ్ళు గడిచాక మస్‌ఊద్ అనే పిల్లవాణ్ణి చేర్చుకున్నాము. ఆ పేరులో ‘ఐన్’ అక్షరం ఉంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు దానికి గుర్తుగా పైన చిన్న కొక్కెం, అంటే అపాస్ట్రఫీ, ఉంచడం మాకు అలవాటు. ఒక్క హర్ఫు తప్పినా అర్థం మారిపోతుందని పిల్లలకు నేర్పేవాళ్ళం, దానినెలా విడిచిపెడతాము? అలాగే రాసి బటన్ నొక్కాము. తెర మీద ఏదో తప్పు జరిగినట్లు సందేశం వచ్చింది. మూడుసార్లు ప్రయత్నించినా అదే.

ఫోన్ చేస్తే శిష్యుడు, “హజ్రత్, ఆ గుర్తు తీసేసి రాయండి, సరిపోతుంది” అన్నాడు.

“బేటా, తప్పు పేరుదా, నీ ప్రోగ్రాముదా?” అని అడిగాము. కాసేపు అతడు పలకలేదు. ఆదివారం స్వయంగా వచ్చాడు.

అతడు విడమరచి చెప్పినది ఇది. డేటాబేసుకు ఎస్‌క్యూఎల్ భాషలో ఆజ్ఞలిస్తారు. అందులో పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేదీ ఆ కొక్కేలే తెలుపుతాయి. మనం నింపిన పేరును నేరుగా ఆజ్ఞలో అతికిస్తే, పేరులోని కొక్కెం వద్దనే పేరు ముగిసిందని డేటాబేసు భావిస్తుంది. మిగిలిన అక్షరాలను ఆజ్ఞగా చదువుతుంది. మా చేతిలో అది కేవలం ఆటంకం. దురుద్దేశం గలవాడు అక్కడే తనకు కావలసిన ఆజ్ఞ రాస్తే, జాబితా అంతా అతని ముందుంటుంది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అనే ఈ దాడిని గురించి 1998లోనే బహిరంగంగా రాశారట.

“మరి దీనికి మందు లేదా?”

“ఉంది హజ్రత్. 2005లో పీహెచ్‌పీ 5.1తోనే పీడీఓ వచ్చింది. ఆజ్ఞలో పేరుండే చోటును ఖాళీగా ఉంచి, పేరును విడిగా అందించవచ్చు. అప్పుడు పేరు పేరుగానే ఉంటుంది. పాస్‌వర్డులను తిరిగి విప్పలేని రూపంలో దాచే సౌకర్యం కూడా 2013లో 5.5తో వచ్చింది. నేనే పాత పాఠాన్ని పట్టుకొని కూర్చున్నాను.”

“ఇంతవరకు ఎవరైనా చూసి ఉంటారా?”

“ఎవరెప్పుడు ఏమి చూశారో రాసిపెట్టే ఏర్పాటు చేయలేదు హజ్రత్. చెప్పలేను.”

ఆ మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. తప్పు అతనిదొక్కనిదే కాదు. అవసరమా కాదా అని ఆలోచించకుండా అన్ని వివరాలనూ నింపినది మేమే. ఇంటింటికీ వెళ్ళి జరిగినది చెప్పి క్షమాపణ కోరాము. ఒక పెద్దావిడ, “నంబరు పోతే పోయింది మౌలానా సాబ్. సహాయం తీసుకుంటున్న సంగతి మా అమ్మాయి అత్తవారికి తెలియకుంటే చాలు” అన్నది. మా వద్ద బదులు లేదు.

శిష్యుడు ప్రోగ్రామంతా తిరగరాశాడు. అక్కరలేని వివరాలను మేము తొలగించాము.

ప్రియ సోదర సోదరీమణులారా! మన ఇళ్ళలో సాఫ్ట్‌వేరు రాసే పిల్లలు ఎందరో ఉన్నారు. జీతమెంత అని వారిని అడుగుతూనే ఉంటాము. ఇతరుల అమానతును ఎలా కాపాడుతున్నావు, నీ విద్యలో కొత్తగా వచ్చినది నేర్చుకున్నావా అని కూడా అడుగుదాం.

మస్‌ఊద్ పేరు ఇప్పుడు కొక్కెంతో సహా నమోదయింది.